నైరా బలమెంత? నైజీరియాలో మనవారికి వ్యాపారమెంత?

పోయిన నెల మన సంఘం కార్యవర్గ సమావేశం ముగిసి, అందరూ చెప్పులు వెదుక్కొంటున్న వేళ, మా హోసూరు వీధి పెద్దాయన ఒకరు నన్ను చేయి పట్టుకొని పక్కకు తీసుకొని వెళ్ళారు.

"ఏమప్పా, నువ్వు ఆఫీసులో లెక్కలు రాసేవాడివి గదా. ఒక సంగతి చెప్పు. మా మనవడికి నైజీరియా దేశంలో, లాగోసు పట్టణం దగ్గర ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చినది. నెలకు పదిహేను లక్షలంట! రెండేండ్లు చేసి, తర్వాత అక్కడే ఎవరితోనో కలిసి వ్యాపారం పెడతానంటాడు. దానికి మా ఇంటి పక్క స్థలం అమ్మి పైకం సిద్ధం చేయమంటాడు. వాళ్ళ రూపాయి బలమైనదా, కాదా?"

పదిహేను లక్షలు రూపాయలు కావు, నైరాలు. 2025లో ఒక డాలరుకు సుమారు 1,500 నైరాలు. కాబట్టి ఆ 15 లక్షలు వెయ్యి డాలర్లు. మన పైకంలో 85, 90 వేల రూపాయల మధ్య. ఆ మాట చెప్పగానే పెద్దాయన ముఖం చిన్నబోయినది. "అంతేనా?" అన్నారు. అదీ చిన్న జీతం కాదు గాని, ఆయన మనస్సంతా ఆ స్థలం మీద ఉన్నది. ఒక వారం గడువడిగి, నాకు తెలిసినదీ, చదివినదీ కూడబెట్టి ఆయనకు చెప్పాను. ఇట్టి ప్రశ్న ఆ ఒక్క ఇంటికే వచ్చేది కాదు గనుక, అదే ఇక్కడ మన పాఠకుల కోసం రాస్తున్నాను. నేను అర్థశాస్త్రం చదివినవాడిని కాను. జమాఖర్చుల పుస్తకం చూచుకొనే గుమాస్తాను. ఆ పుస్తకపు దృష్టితోనే చూడగలను.

గవ్వలనాటి మాట

"చేతిలో చిల్లిగవ్వ లేదు" అని మనం అంటూ ఉంటాము. ఒకప్పుడు గవ్వ నిజంగానే పైకం. మాల్దీవుల గవ్వలు ఒరిస్సా, వంగదేశపు రేవులకు వచ్చేవి. ఒరిస్సా రైతులు గవ్వలతోనే పన్ను కట్టేవారు. ఇంగ్లీషువారు గవ్వలు మాని వెండి రూపాయలే కట్టమని పట్టుబట్టడం 1817 నాటి పైకుల తిరుగుబాటుకు ఒక కారణమని బరంపురం, కటకం వైపు పాఠకులు వినే ఉంటారు. ఆ గవ్వలనే ఐరోపా వర్తకులు ఓడలలో నింపుకొని పడమటి ఆఫ్రికాకు తీసుకొని పోయారు. నేటి నైజీరియాలో నైరుతి దిక్కున ఉండే యొరూబా ప్రజలు గవ్వలకు చిల్లు పెట్టి, 40 గవ్వలు ఒక దండగా గ్రుచ్చి లెక్క పెట్టేవారు. అంటే మనకు పనికిరాని చిల్లిగవ్వే అక్కడ చెల్లుబాటయ్యే పైకం! సమీపంలోని ఘానా దేశపు నాణెం "సీడీ" పేరు కూడా గవ్వ అనే మాట నుండి వచ్చినదే.

19వ శతాబ్దం మధ్యలో ఐరోపా వర్తకులు తూర్పు ఆఫ్రికా తీరంలోని జాంజిబారు ప్రాంతం నుండి గవ్వలను ఓడల కొద్దీ తెచ్చి అక్కడ గుమ్మరించారు. గవ్వ విలువ పడిపోయినది. నిన్న పది గవ్వలకు వచ్చిన సరుకుకు నేడు బుట్టెడు పోయవలసి వచ్చినది. ఎక్కడైనా పైకం విలువ పడిపోవడంలో ఉండే సూత్రం ఇదే. సరుకు పెరగకుండా పైకం పెరిగితే, పైకం చులకనవుతుంది.

మన దక్షిణ దేశానికీ ఆ తీరానికీ సంబంధం పాతదే. చెన్నపట్నం నుండి పోయిన గళ్ళ రుమాళ్ళను నైజరు నది ముఖద్వారంలో ఉండే కలబారి ప్రజలు "ఇంజిరి" అని పిలిచి, పెండ్లికీ చావుకీ అవే కట్టుకొంటారు. అక్కడి స్త్రీలు పండుగలకు కట్టే "జార్జి" వస్త్రానికి ఆ పేరు మన సెయింట్ జార్జి కోట నుండే వచ్చినదంటారు. మనవారు నేసిన గుడ్డ అక్కడివారి శుభాశుభాలకు అక్కరకు వచ్చినదన్నమాట.

ఇంగ్లీషువారి ఏలుబడిలో అక్కడ పౌను చెల్లుబాటైనది. 1960 అక్టోబరు 1న నైజీరియాకు స్వాతంత్ర్యం వచ్చినది. 1973 జనవరి 1న పౌను పోయి నైరా వచ్చినది. ఒక పౌనుకు రెండు నైరాలు. ఒక నైరాకు నూరు కోబోలు.

చమురు తెచ్చిన బలం

స్వాతంత్ర్యం వచ్చిన నాటికి నైజీరియా వ్యవసాయ దేశం. పడమట కోకో, తూర్పున తాటిజాతి చెట్ల నుండి తీసే పామాయిలు, ఉత్తరాన వేరుసెనగ. కానో పట్టణంలో వేరుసెనగ బస్తాలను గోపురాల వలె పేర్చి పెట్టేవారు. చూడడానికి పరదేశస్థులు వచ్చేవారు. అనంతపురం, చిత్తూరు నుండి వచ్చి స్థిరపడిన మనవంటివారికి వేరుసెనగ బస్తాల గోపురమంటే ఏమిటో వేరే చెప్పనక్కర లేదు.

1956లో ఒలోయిబిరి అనే ఊరి దగ్గర ముడి చమురు బయటపడినది. 1958లో ఎగుమతి మొదలైనది. 1967 నుండి 1970 వరకు బయాఫ్రా అంతర్యుద్ధం దేశాన్ని కుదిపివేసినది. యుద్ధం ముగిసిన కొద్ది కాలానికే, 1973లో ప్రపంచమంతటా చమురు ధర నాలుగింతలైనది. డాలర్లు వరదలా వచ్చి పడినాయి. 1975లో ప్రభుత్వం సుమారు 2 కోట్ల టన్నుల సిమెంటుకు ఒక్కసారిగా ఆర్డరు ఇచ్చినది. అంత సరుకు దించుకొనే శక్తి లాగోసు రేవుకు లేదు. సిమెంటు ఓడలు వందల కొద్దీ నెలల తరబడి సముద్రంలో నిలబడిపోయినాయి. ఆలస్యానికి వాటికి అద్దె కట్టవలసి వచ్చినది, కొంత సిమెంటు ఓడలోనే గట్టిపడి రాయి అయినది.

ఆ కాలంలో నైరా బలం చూడండి. 1980లో ఒక నైరాకు దాదాపు 1 డాలరు 80 సెంట్లు. అప్పుడు డాలరుకు మన రూపాయలు 8 లోపే. అంటే ఒక నైరా మన 14 రూపాయలకు సమానం! ఆ దశకంలో నైజీరియా ప్రభుత్వం పిల్లలందరికీ ప్రాథమిక విద్య అని పథకం పెట్టి, భారతదేశం నుండి ఉపాధ్యాయులను పిలిపించుకొన్నది. వారిలో మన దక్షిణాదివారూ ఉన్నారు. అప్పుడు నైరాలలో జీతం దాచి ఇంటికి పంపగలిగినవారు ఇండ్లు కట్టారు, చెల్లెండ్ల పెండ్లిండ్లు చేశారు. "నైజీరియా పోయివచ్చినాడు" అంటే వీధిలో ఒక గౌరవం.

కాని ఆ బలం ఎక్కడ నుండి వచ్చినది? పొలం నుండీ రాలేదు, మగ్గం నుండీ రాలేదు. చమురు బావి ఒక్కదాని నుండి వచ్చినది. నైరా బలంగా ఉంటే బయటి సరుకు చవక. బియ్యం, గోధుమ, గుడ్డ, చక్కెర అన్నీ దిగుమతి చేసుకొనడమే సుఖంగా కనబడినది. కానో రైతు పండించిన వేరుసెనగకు గిట్టుబాటు లేకపోయినది. దానికి తోడు కరువులు, తెగుళ్ళు. బస్తాల గోపురాలు మాయమైనాయి. చమురు ధర 1980లలో పడిపోగానే చేతిలో డాలర్లు లేవు, ఇంట్లో సరుకూ లేదు. 1986లో నైరాను సంత ధరకు వదలగానే డాలరుకు 4 నైరాలు దాటినది. ఆ తర్వాత కథ దిగుడు మెట్లే. 1999లో డాలరుకు 90 నైరాలు దాటినాయి. 2014లో సుమారు 160. 2016లో 200 లోపు నుండి ఒక్కసారి 280 దాటినది. 2023 జూన్‌లో 470 నుండి కొద్ది రోజులలోనే 700 పైకి పోయినది. 2024 ఫిబ్రవరిలో 1,500 దాటినది.

ఇంతకన్న విచిత్రమైన సంగతి ఒకటున్నది. రోజుకు పది లక్షలకు పైబడి పీపాల ముడి చమురు తీసే దేశం పెట్రోలును పరదేశం నుండి కొనుక్కొన్నది. ప్రభుత్వపు చమురు శుద్ధి కర్మాగారాలు నాలుగూ ఏండ్ల తరబడి మూలబడి ఉన్నాయి. ఇంట్లో ఆవును కట్టుకొని పాలు అంగట్లో కొన్నట్లు! ఆ కొన్న పెట్రోలును జనానికి చవకగా ఇచ్చేందుకు ఖజానా నుండి నష్టం భరించారు. లోటు పూడ్చడానికి కేంద్ర బ్యాంకు నుండి ప్రభుత్వం చేబదులు తీసుకొంటూ పోయినది. 2023 నాటికి ఆ బాకీ 22 లక్షల కోట్ల నైరాలు దాటినది. గవ్వల కథే మళ్ళీ వచ్చినది.

అంకె వేరు, బలం వేరు

పెద్దాయన అడిగిన ప్రశ్నకు ఇక్కడ కొంచెం ఆగవలసి ఉన్నది. "రూపాయికి ఎన్నో నైరాలు వస్తాయి, కాబట్టి రూపాయి బలమైనది, నైజీరియా బీదది" అనుకొంటే పొరపాటు. అదే లెక్కన రూపాయికి ఒకటిన్నర కన్న ఎక్కువ జపాను యెన్‌లు వస్తాయి. మనం జపాను కన్న సంపన్నులమా? ఒక నాణెం అంకె పెద్దదా, చిన్నదా అన్నది చూచి ఏమీ తెలియదు. ఆ అంకె ఏ వైపు, ఎంత వేగంగా నడుస్తున్నదో చూడాలి.

నైజీరియాకు పడమట బెనిన్, ఉత్తరాన నైజరు దేశాలున్నాయి. ఫ్రెంచివారు ఏలిన దేశాలు. వాటి నాణెం సీఎఫ్ఏ ఫ్రాంకు. దానిని యూరోకు 655.957 అని ముడివేసి ఉంచారు. అది నైరా వలె ఊగిసలాడదు. ఐనా ఆ దేశాలు సంపన్న దేశాలేమీ కావు. కనుక నాణెం స్థిరంగా ఉన్నంత మాత్రాన వ్యాపారం రాదు, నాణెం పడినంత మాత్రాన వ్యాపారం పోదు. 2014 ఏప్రిల్‌లో లెక్కలు సవరించి, నైజీరియాను ఆఫ్రికాలోకెల్లా పెద్ద ఆర్థిక వ్యవస్థ అన్నారు. 2024 నాటికి డాలర్ల లెక్కలో నాలుగో స్థానానికి దిగినది. ఆ పదేండ్లలో అక్కడి పొలాలు, జనం, అంగళ్ళు ఎక్కడికీ పోలేదు. కొలిచే బద్ద మారినది. 22 కోట్లకు పైబడిన జనం రోజూ తింటున్నారు, కడుతున్నారు, ప్రయాణం చేస్తున్నారు. వ్యాపారికి కనబడేది ఈ జనం. ఇంటికి పైకం పంపవలసిన వ్యక్తికి కనబడేది ఆ అంకె. ఈ రెండు చూపులను కలిపివేయడం వల్లనే మనవారు మోసపోతున్నారు.

ఒక లెక్క చూడండి. 2014లో అక్కడ ఒక లక్ష నైరాలు మిగిల్చినవాడికి ఇంటికి 37 వేల రూపాయలు పైన వచ్చేవి. 2025లో అదే లక్ష నైరాలకు 6 వేల రూపాయలు కూడా రావు. ఈ కాలంలో మన రూపాయి కూడా డాలరుకు 60 నుండి 85 దాటి దిగినది గదా! అది దిగినా నైరా అంతకన్న ఎన్నో రెట్లు దిగినది.

వడ్డీ మాయ

పెద్దాయన మనవడికి ఎవరో చెప్పారట, అక్కడ ప్రభుత్వ పత్రాలకు నూటికి 20 వడ్డీ వస్తుందని. 2024లో అది నిజమే. ధరలు పెరుగుతున్నందున 2024 నవంబరులో కేంద్ర బ్యాంకు తన వడ్డీ రేటును 27.5 శాతానికి పెంచినది. మన దేశంలో 7 శాతానికి బ్యాంకు చుట్టూ తిరిగేవారికి 20 శాతమంటే నోరూరుతుంది.

లెక్క వేద్దాము. 2023 జూన్ మొదట్లో ఒకరు వెయ్యి డాలర్లు, అంటే సుమారు 82 వేల రూపాయలు, నైరాలుగా మార్చి అక్కడ వేశారనుకొందాము. డాలరుకు 470 చొప్పున 4 లక్షల 70 వేల నైరాలు. 20 శాతం వడ్డీతో ఏడాదికి 5 లక్షల 64 వేలు. పాసుపుస్తకంలో లాభమే. 2024 జూన్‌లో డాలరు సుమారు 1,500. తిరిగి మార్చితే 376 డాలర్లు, మన పైకంలో 31 వేల రూపాయలు. వడ్డీ 20 వచ్చినది, అసలు సగం కన్న ఎక్కువ కరిగిపోయినది. ఎక్కడైనా వడ్డీ బాగా ఎక్కువ ఇస్తున్నారంటే, ఆ నాణెం పడిపోతుందన్న భయానికి అది కూలి అని గ్రహించాలి.

పెద్ద కంపెనీలకూ ఈ దెబ్బ తగిలినది. నైజీరియాలో టెలిఫోను వ్యాపారం చేసే ఎయిర్‌టెల్ ఆఫ్రికా 2024 మార్చితో ముగిసిన సంవత్సరానికి 8 కోట్ల 90 లక్షల డాలర్ల నష్టం చూపినది. చందాదారులు తగ్గలేదు, వ్యాపారం తగ్గలేదు. నైరా పడిపోవడమే ముఖ్య కారణం. మరుసటి ఏడాది నైరా కొంత నిలబడగానే మళ్ళీ లాభంలోకి వచ్చినది. ఎమిరేట్స్ విమాన కంపెనీ టిక్కెట్లు అమ్మిన నైరాలు చేతిలో ఉన్నా, డాలర్లుగా మార్చుకొని బయటికి తీసుకొని పోలేక 2022లో అక్కడికి విమానాలు ఆపివేసినది. తిరిగి 2024 అక్టోబరులోనే నడిపినది. పైకం ఉండడం వేరు, దానిని ఇంటికి తెచ్చుకొనగలగడం వేరు.

2023 తరువాత

2023 మే 29న కొత్త అధ్యక్షుడు బోలా టినుబు ప్రమాణం చేసిన రోజే పెట్రోలు రాయితీ పోయినదని ప్రకటించారు. లీటరు 200 నైరాల లోపు ఉండిన పెట్రోలు వెంటనే 500 చుట్టూ పోయినది. 2024 చివరకు 1,000 దాటినది. అదే జూన్‌లో రకరకాల ప్రభుత్వపు మారకం రేట్లను ఒక్కటి చేసి నైరాను సంతకు వదిలారు. 2024 డిసెంబరులో ధరల పెరుగుదల ఏడాదికి 34.8 శాతం. కనీస వేతనం నెలకు 30 వేల నైరాల నుండి 70 వేలకు పెంచారు గాని, రొట్టె, బియ్యం ధరలు అంతకన్న వేగంగా పరుగెత్తినాయి. అక్కడి సామాన్య గృహస్థుకు ఆ రెండేండ్లు ఎట్లా గడిచి ఉంటాయో, నెలాఖరు జీతంతో బ్రతికే మనం ఊహించుకొనగలము.

ఐతే ఆ చేదు మందు వృథా కాలేదని కూడా చెప్పాలి. 2025లో నైరా 1,450, 1,600 మధ్య నిలబడినది. కేంద్ర బ్యాంకు వద్ద విదేశ మారక నిల్వలు 4,000 కోట్ల డాలర్లు దాటినాయి. లెక్కించే పద్ధతి మార్చిన తర్వాత, 2025 అక్టోబరులో ధరల పెరుగుదల 16 శాతానికి వచ్చినది. లాగోసు దగ్గర లెక్కిలో డాంగోటే కట్టిన చమురు శుద్ధి కర్మాగారం 2024లో పని మొదలుపెట్టినది. రోజుకు 6 లక్షల 50 వేల పీపాలు శుద్ధి చేసే శక్తి దానికి ఉన్నది. ఆవు ఉన్న ఇంట్లో పాలు పితకడం మొదలైనదన్నమాట. 1975లో ఓడల కొద్దీ సిమెంటు దిగుమతి చేసుకొన్న ఆ దేశమే ఇప్పుడు తన సిమెంటు తానే చేసుకొని పొరుగు దేశాలకు అమ్ముతున్నది.

వ్యాపారమున్నది, ఎవరికి?

నాణెం పడిపోయినప్పుడు నష్టపోయేవారు ఇద్దరు. బయటి సరుకు తెచ్చి లోపల అమ్మేవాడు. లోపల సంపాదించి బయట అప్పు తీర్చవలసినవాడు. లాభపడేవాడు లోపలి సరుకు కొని బయట అమ్మేవాడు. ఈ ఒక్క మాట గుర్తుంచుకొంటే నైజీరియా వ్యాపారం సగం అర్థమైనట్లే.

అక్కడ తరతరాలుగా వ్యాపారం చేసే సింధీలు దీనిని ముందే గ్రహించారు. కేవల్‌రామ్ చన్రాయ్ వారు 1989లో చమురుతో సంబంధం లేని సరుకులను నైజీరియా నుండి ఎగుమతి చేసేందుకు ఒక కంపెనీ పెట్టారు. అక్కడి తమ తక్కిన వ్యాపారాలకు కావలసిన డాలర్లు సంపాదించుకొనడమే దాని ఉద్దేశం. ప్రత్తి, జీడిగింజలు, షియా గింజలు ఎగుమతి చేశారు. ఆ కంపెనీయే నేడు సింగపూరులో ఉన్న ఓలమ్. నైరా పడిపోతుందని ఏడవకుండా, డాలర్లు తెచ్చే సరుకు వెదికారు.

ఈ జీడిగింజ మనకు పరాయిది కాదు. శ్రీకాకుళం జిల్లా పలాసలో జీడిపప్పు తీసే పరిశ్రమకు ఆఫ్రికా గింజలు కూడా దిగుమతి అవుతాయి. నైజీరియా గింజను పండించి పచ్చిగానే అమ్ముతున్నది. పప్పు తీసే పని అక్కడే చేయాలని వారి ప్రభుత్వం ఆశ. గింజ పగులకుండా పప్పు తీయడం, గ్రేడు చేయడం మన పలాసవారికి చేతనైన విద్య. నువ్వులు, అల్లం, కోకో కూడా ఇట్లే. యంత్రం కన్న పనితనం తెలిసినవారికి అక్కడ గిరాకీ ఎక్కువ.

బియ్యం సంగతి యానాంవారికి తెలుసు. పక్కనున్న కాకినాడ రేవు నుండి పడమటి ఆఫ్రికాకు ఓడల కొద్దీ బియ్యం పోతుంది. బెనిన్ దేశపు కొటొనూ రేవులో దిగిన ఉప్పుడు బియ్యంలో చాలా భాగం చాటుగా సరిహద్దు దాటి నైజీరియా చేరుతుందని అందరికీ తెలిసిన రహస్యం. నైజీరియా 2019 ఆగస్టు నుండి 2020 డిసెంబరు వరకు సరిహద్దులే మూసి చూచినది. మన ప్రభుత్వం 2023లో తెల్లబియ్యం ఎగుమతి నిషేధించి, ఉప్పుడు బియ్యంపై సుంకం వేసినప్పుడు అక్కడి వంటిండ్లలోనూ ఆ వేడి తగిలినది. ఇట్టి వ్యాపారం ఒక్క ప్రభుత్వపు ఉత్తరువుతో నిలిచిపోతుంది. చిన్న పెట్టుబడివారు దీని జోలికి పోరాదు.

మందుల వ్యాపారం ఇంకొకటి. నైజీరియాకు మందులు పంపే దేశాలలో భారతదేశం ముఖ్యమైనది. హైదరాబాదు కంపెనీల సరుకూ అందులో ఉన్నది. ఒకప్పుడు నకిలీ మందులు అక్కడ ప్రాణాలు తీసినాయి. 2001లో నాఫ్డాక్ అనే మందుల తనిఖీ సంస్థకు అధిపతిగా వచ్చిన డోరా అకున్యిలి అనే స్త్రీ ప్రాణభయం లెక్కచేయక దొంగ మందులను తగులబెట్టించారు. ఇప్పుడు నాఫ్డాక్ నంబరు లేనిదే మాత్ర అమ్మరాదు. సరుకు మన దేశం దాటక ముందే పరీక్ష చేయించాలి.

మా హోసూరులోనూ, పూనా వైపూ తయారయ్యే మోటారు సైకిళ్ళు, మూడు చక్రాల బండ్లు అక్కడ వీధి వీధికీ కనబడతాయి. మూడు చక్రాల బండిని వారు "కెకె" అని, అద్దె మోటారు సైకిలును "ఒకాడా" అని పిలుస్తారు. 2023లో నైరా పడగానే అక్కడ బండ్ల ధర పెరిగి, ఎగుమతులు బాగా తగ్గినాయి. లాగోసులో నైరా పడితే ఇక్కడ మన పిల్లల ఓవర్‌టైము తగ్గుతుందని ఎవరు అనుకొన్నారు! బండి కొనలేనివాడు పాత బండిని బాగు చేయించుకొంటాడు. కనుక విడిభాగాలు, మరమ్మతు తెలిసినవారికి అప్పుడే పని ఎక్కువైనది.

కరెంటు విషయం చెప్పక తప్పదు. అంత పెద్ద దేశానికి కరెంటు తీగల మీద వచ్చేది సాధారణంగా 4,000, 5,000 మెగావాట్లు. మన తెలంగాణ ఒక్క రాష్ట్రమే ఎండాకాలంలో 15,000 మెగావాట్లు దాటి వాడుతుంది. అందుచేత అక్కడ ప్రతి అంగడికీ జనరేటరు. పెట్రోలు ధర పెరిగిన తర్వాత సూర్యరశ్మితో పనిచేసే పలకలకు గిరాకీ పెరిగినది. ఫ్యాక్టరీ పెట్టేవాడు కరెంటు ఖర్చు ముందే రాసుకొనాలి.

2024 నవంబరులో మన ప్రధాని నైజీరియా వెళ్ళినప్పుడు చెప్పిన లెక్క ప్రకారం 200 పైగా భారతీయ కంపెనీలు అక్కడ సుమారు 2,700 కోట్ల డాలర్ల పెట్టుబడి పెట్టినాయి. మనవారు 50 వేలకు పైబడి ఉన్నారు. మనకు అక్కడ మంచి పేరే ఉన్నది.

నాలుగు ప్రశ్నలు

పెద్దాయనకు నేను నాలుగు ప్రశ్నలు కాగితం మీద రాసి ఇచ్చాను. మనవడిని అడగమన్నాను.

ఒకటి: జీతం ఏ నాణెంలో రాశారు? నైరాలలో మాత్రమే అయితే, నైరా పడినప్పుడు జీతం పెంచుతామని కాగితంలో ఉన్నదా? ఇంటి ఖర్చుకు అవసరమైన భాగాన్ని భారతదేశంలో రూపాయలలో గాని, డాలర్లలో గాని జమ చేస్తారా?

రెండు: వ్యాపారంలో అమ్మకం ఏ నాణెంలో, బాకీ ఏ నాణెంలో? అమ్మకం నైరాలలో, బాకీ డాలర్లలో అయితే ఆ వ్యాపారం ఎంత నడిచినా నిద్ర పట్టదు.

మూడు: పంపిన పెట్టుబడికి రసీదు ఉన్నదా? నైజీరియాలో 1995 నాటి చట్టం ప్రకారం చాలా వ్యాపారాలలో పరదేశస్థులు పూర్తి వాటా పెట్టుకొనవచ్చు. కాని విదేశీ వాటా ఉన్న కంపెనీకి కనీసం 10 కోట్ల నైరాల మూలధనం చూపాలి. 1,500 చొప్పున అది 66 వేల డాలర్లు పైమాట. ఆ డాలర్లు అక్కడి బ్యాంకు ద్వారానే రావాలి. వచ్చిన వెంటనే బ్యాంకు పెట్టుబడి వచ్చినట్లు ధ్రువపత్రం ఇస్తుంది. ఆ పత్రం ఉంటేనే లాభాన్నీ, అసలునూ డాలర్లుగా మార్చి వెనక్కు తెచ్చుకొనే హక్కు. స్నేహితుడి చేతికి రొక్కంగా ఇచ్చిన పైకానికి ఆ హక్కు లేదు.

నాలుగు: కలిసేది ఎవరితో? ఉత్తరం రాసి, కోట్లు వచ్చిపడినాయని ఊరించి, ఖర్చులకు కొంత పంపమనే మోసానికి అక్కడి శిక్షాస్మృతిలోని 419వ సెక్షను పేరే నిలిచిపోయినది. వారి ప్రభుత్వం 2003లో ఇట్టి నేరాలకు వేరే సంస్థనే పెట్టినది. అక్కడి జనమంతా మోసగాండ్లని దీని అర్థం కాదు. అట్లా అనడం పాపం. ఇక్కడ చిట్టీలు ఎగ్గొట్టినవారు మన వీధిలోనే లేరా? కంపెనీ పేరు అక్కడి రిజిస్టరు కచేరీలో ఉన్నదో లేదో చూచుకొనాలి. పని చేసే ఊరు ఏదో కూడా అడగాలి. ఈశాన్య భాగంలో 2009 నుండి తిరుగుబాటు ఉన్నది. కొన్ని చోట్ల మనుషులను ఎత్తుకొని పోయి డబ్బు అడిగే బెడద ఉన్నది.

పెద్దాయన ఆ కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకొన్నారు. రెండు వారాల తర్వాత మళ్ళీ కనబడ్డారు. మనవడు అడిగితే, కంపెనీవారు జీతంలో సగానికి పైగా రూపాయలలో ఇక్కడి బ్యాంకులో వేస్తామని ఒప్పుకొన్నారట. తక్కినది అక్కడి తిండికీ ఇంటికీ సరిపోతుంది. కుర్రవాడు పై నెల ప్రయాణమవుతున్నాడు. వ్యాపారం మాట రెండేండ్లు అక్కడి అంగళ్ళు, మనుషులు, కరెంటు అన్నీ చూచిన తర్వాత.

"స్థలం?" అని అడిగాను.

"అమ్మలేదప్పా. దాని మీద నాలుగు టెంకాయ చెట్లున్నాయి. వాటికి మారకం రేటు అక్కర లేదు గదా" అన్నారు.